ఎదురుకాళ్ళ బిడ్డలు

నడుం పట్టేసినా, మెడ పట్టేసినా ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత కాలితో తాకిస్తే ఆ పట్టు వదిలిపోతుందని మన తెలుగిళ్ళలో ఒక నమ్మకం ఉంది. తమిళనాడులో స్థిరపడిన మా గుడియాత్తం తెలుగువాళ్ళం కూడా భాషతోపాటు ఈ నమ్మకాన్నీ కాపాడుకుంటూ వచ్చాం. మా తమ్ముడు అలా పుట్టినవాడే. అందుకని వాడి చిన్నతనంలో ఎవరో ఒకరు నడుం మీద చెయ్యి వేసుకుని మా గడప ఎక్కుతూనే ఉండేవారు. పెద్దవాళ్ళను కాలితో తన్నడమా అని వాడు సిగ్గుతో మగ్గం గుంటలో దాక్కునేవాడు.

ఆ కాలికి అంత మహిమ ఎందుకు అంటగట్టారా అని ఆలోచిస్తే నాకొకటి తోస్తుంది. వెనకటి రోజుల్లో అలా పుట్టి బతికి బట్టకట్టిన బిడ్డలు తక్కువ. బతికినవాడు మృత్యువును తన్ని వచ్చినవాడు కదా అనుకుని ఉంటారు. మరి బతకనివాళ్ళ సంగతి ఎవరూ చెప్పుకోరు. మా ఇంట్లో ఆ రెండు రకాల బిడ్డలూ పుట్టారు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను డాక్టరును కాను. ముప్పయ్యేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన టీచరును. అంకెలను చూస్తే భయపడను, అంతే.

మా అమ్మ తొలి కాన్పు 1958లో గుడియాత్తంలో, ఇంట్లోనే జరిగింది. తొలి చూలు ఇంటి గడప దాటకూడదని మా జేజి పట్టుదల. వచ్చిన మంత్రసాని ఆ వీధిలో ఎందరికో పురుడు పోసిన మనిషి. ఆ రోజు ఏం జరిగిందో అమ్మ నాకు చాలా ఏళ్ళ తర్వాత, నా పిల్లలు పెద్దవాళ్ళయ్యాక గాని చెప్పలేదు.

"పొద్దున్నించీ నొప్పులు. మాపటేళకు బిడ్డ కాళ్ళు కనబడినాయి. ఆయమ్మ మంచికే పట్టుకొని లాగినాది. ఒళ్ళంతా వచ్చినాది, తల రాలా. తల వచ్చేసరికి బిడ్డ లేదు."

ఆడపిల్ల. పేరు పెట్టలేదు. కడుపుతో ఉన్న మనిషి పడకలో ఇటునుంచి అటు తిరగాలంటే లేచి కూర్చుని తిరగాలనీ, లేకపోతే పేగు చుట్టుకుని బిడ్డ అడ్డం తిరుగుతుందనీ పెద్దవాళ్ళు అంటారు. అమ్మ అలా లేవకుండానే దొర్లిందని, అందుకే అలా అయిందని జేజి అన్నదట. అమ్మ ఆ మాటను నమ్మింది. నీకెంతమంది పిల్లలని ఎవరైనా అడిగితే అమ్మ "ముగ్గురు" అనేది. మేమిద్దరమే కదమ్మా అంటే మాట మార్చేది. 2009లో పోయేదాకా ఆ ముగ్గురు ఇద్దరు కాలేదు.

నేను ముందుగా చెప్పదలచుకున్నది ఇదే. బిడ్డ ఎదురు తిరగడానికీ, తల్లి పడుకున్న తీరుకూ ఏ సంబంధమూ లేదు. ఏడో నెల మొదట్లో, అంటే 28 వారాల దగ్గర, అయిదుగురిలో ఒక బిడ్డయినా తల పైకీ పిర్రలు కిందికీ పెట్టుకుని కూర్చునే ఉంటుంది. నెలలు నిండే కొద్దీ చాలామంది తమంతట తాము తిరిగి తల కిందికి దించుకుంటారు. నెలలు నిండేసరికి నూటికి ముగ్గురో నలుగురో మాత్రం అలాగే ఉండిపోతారు. కవలలైనా, మాయ కిందికి ఉన్నా, ఉమ్మనీరు మరీ ఎక్కువైనా తక్కువైనా, గర్భసంచి ఆకారంలో తేడా ఉన్నా, అందులో గడ్డలున్నా అలా జరగవచ్చు. చాలాసార్లు కారణం ఏదీ కనబడదు. నెలలు నిండకముందే కాన్పు వస్తే బిడ్డకు తిరిగే వ్యవధి కూడా ఉండదు.

మరి ప్రమాదం ఎక్కడుంది? మామూలు కాన్పులో తల ముందు వస్తుంది. బిడ్డ ఒంట్లో పెద్దదీ గట్టిదీ తలే. అది గంటల తరబడి మెల్లగా దారి చేసుకుంటూ, దారికి తగ్గట్టు తానూ ఒదుగుతూ వస్తుంది. తల దాటిందంటే మిగిలిన ఒళ్ళు సులువుగా జారిపోతుంది. ఎదురుకాళ్ళ కాన్పులో ఇది తలకిందులు. సన్నటి ఒళ్ళు ముందు వచ్చేస్తుంది, పెద్ద తల చివరికి మిగులుతుంది. బొడ్డు బయటికి వచ్చాక బొడ్డుతాడు బిడ్డ తలకూ తల్లి కటి ఎముకకూ నడుమ నలుగుతుంది. అక్కడి నుంచి వ్యవధి నిమిషాల్లోనే. ఆ తొందరలో ఎవరైనా కాళ్ళు పట్టి లాగితే బిడ్డ చేతులు పైకి లేచి తల పక్కన ఇరుక్కుంటాయి, గడ్డం ఎదురొమ్మును వదిలి పైకి లేస్తుంది, తల అడ్డం పడుతుంది. ఆ మంత్రసాని చేసిందీ అదే. ఆమె చెయ్యి చెడ్డది కాదు, ఆ చేతికి ఎవరూ నేర్పలేదు.

వేలూరు మాకు ముప్పయి కిలోమీటర్ల పైచిలుకు దూరం. కె.వి. కుప్పం, లత్తేరి, కాట్పాడి దాటి పాలారు వంతెన ఎక్కితే వచ్చేస్తుంది. మన పాఠకుల్లో చాలామంది వైద్యం కోసం ఒకసారైనా వెళ్ళిన సీఎంసీ ఆసుపత్రి పుట్టింది కూడా కాన్పు కష్టాల వల్లే. రాణిపేటలో 1870లో పుట్టిన ఐడా స్కడర్ 1890ల తొలినాళ్ళలో తిండివనంలో తల్లిదండ్రుల దగ్గర ఉన్నప్పుడు, ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ముగ్గురి భార్యలూ కాన్పు కాక అల్లాడుతున్నారు. ఐడా తండ్రి డాక్టరే అయినా, మగ డాక్టరు ముట్టుకోవడానికి ఆ మూడిళ్ళవారూ ఒప్పుకోలేదు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ పోయారు. ఆ రాత్రి ఆమెను అమెరికాకు వెళ్ళి డాక్టరు చదివేలా చేసింది. 1899లో పట్టా పుచ్చుకుని, 1900లో వేలూరులో ఒకే పడకతో వైద్యం మొదలుపెట్టింది. 1902లో నలభై పడకల ఆసుపత్రి, 1918లో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల వచ్చాయి. 1909లో వచ్చిన ప్యూజో కారులో ఆమె వారం వారం గుడియాత్తం దారిన వచ్చేది. దారి పొడుగునా చెట్ల కింద రోగులు కాచుకుని ఉండేవారు.

అంటే అమ్మ తొలి కాన్పుకు యాభై ఏళ్ళ ముందే వైద్యం మా ఊరి దారి పట్టింది. అయినా ఆ దారికీ మా గడపకూ నడుమ జేజి మాట అడ్డం నిలిచింది. అదే కె.వి. కుప్పంలో 1977లో సీఎంసీవారు రూషా అనే గ్రామీణ ఆరోగ్య కేంద్రాన్ని పెట్టారు. వైద్యం దారి మీద ఉంటే చాలదు, ఇంటి గడప దాకా రావాలని మా అమ్మ కథే నాకు చెబుతుంది.

1960లో నేను తలకిందులు కాకుండా బుద్ధిగా పుట్టాను. 1963లో అమ్మ మళ్ళీ నెలలు నిండుతున్నప్పుడు నాయన జేజి మాట కాదని అమ్మను వేలూరు మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయారు. స్కాన్లు లేని రోజులు. డాక్టరమ్మ చేత్తో తడిమే పక్కటెముకల కింద గుండ్రంగా, గట్టిగా తగిలేది తల అని చెప్పిందట. చివరి నెలంతా అమ్మ కాట్పాడిలో చుట్టాలింట్లో ఉండిపోయింది. ఆ కాన్పు గురించి మాత్రం అమ్మ ఎన్నిసార్లయినా చెప్పేది.

"డాక్టరమ్మ చేతులు కట్టుకొని నిలబడి ఉండాది. నడుం దాకా వచ్చేసినాడు మీ తమ్ముడు. నాకు పాత భయం. లాగండమ్మా అని నేనే అరిచినా. లాగకూడదమ్మా, నువ్వే ముక్కాల అన్నాది."

ఆ చేతులు కట్టుకోవడమే పెద్ద విద్య అని నాకు తర్వాత తెలిసింది. బిడ్డ తనంతట తాను భుజపుటెముకల దాకా రావాలి. చేతులు ఇరుక్కుంటే బిడ్డను మెల్లగా అటొకసారి ఇటొకసారి తిప్పి ఒక్కొక్క చెయ్యే దించాలి. నార్వే వైద్యుడు లోవ్‌సెట్ 1937లో వివరించిన పద్ధతి అది. చివర్లో బిడ్డను చేతి మీద పడుకోబెట్టుకుని తల వంగి ఉండేలా చూస్తూ బయటికి తేవాలి. ఆ పద్ధతికి 17వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు మొరిసో పేరుంది. ఇవన్నీ కలిపి నాలుగైదు నిమిషాల పని. మా తమ్ముడు కాసేపు ఆలోచించుకుని ఏడ్చాడట.

1958లో జరిగిందీ, 1963లో జరిగిందీ మామూలు దారి కాన్పులే. రెండింటిలోనూ కత్తి లేదు. తల్లి ఒకరే. ఒక బిడ్డ పోయింది, ఒక బిడ్డ బతికాడు. ముందే తెలియడం, దగ్గర్లో ఉండడం, నేర్చిన చెయ్యి ఉండడం, ఈ మూడే తేడా.

మా తమ్ముడు బెంగుళూరులో స్థిరపడ్డాడు. 1994లో వాడి కూతురు, నా మేనకోడలు కూడా ఎదురుకాళ్ళే. మా మరదలికి ఒక నర్సింగ్ హోములో ఆపరేషన్ చేసి తీశారు. బిడ్డ చక్కగా ఉంది. కాని 1998లో రెండో కాన్పుకు మళ్ళీ ఆపరేషనే అన్నారు. పాత కోత దగ్గర లోపల అతుకులు పడి, రక్తస్రావమై, రక్తం ఎక్కించవలసి వచ్చింది. మరదలు కోలుకోవడానికి నెలలు పట్టింది. అప్పటినుంచి మా తమ్ముడికి ఆపరేషన్ అన్న మాటంటేనే గుండె దడ.

ఇది వంశంలో ఉంటుందా అని చాలామంది అడుగుతారు. కొంతవరకు ఉంటుంది. నార్వేలో జనన రికార్డులను తరాల వారీగా పోల్చి 2008లో ఒక పరిశీలన ప్రచురించారు. తల్లి గాని, తండ్రి గాని అలా పుట్టి ఉంటే వారి తొలి బిడ్డ అలా రావడానికి అవకాశం రెట్టింపు పైగా ఉందని తేలింది. తండ్రి వైపు నుంచి కూడా అంతే. అలాగని భయపడనక్కరలేదు. రెట్టింపైనా నూటికి పదిమందికి లోపే. డాక్టరుకు ముందుగా చెబితే చాలు.

2023లో నా మేనకోడలు తొలి కాన్పుకు వేలూరులోని అమ్మమ్మగారింటికి వచ్చింది. 36వ వారం స్కానులో బిడ్డ పిర్రలు కిందికి పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ రాత్రే తమ్ముడి ఫోను.

"అక్కా, అప్పుడే ఆపరేషన్ మాట ఎత్తుతున్నారు. ఈ కాలంలో ఎవరికి చూసినా ఆపరేషనే కదా. నన్ను కన్నప్పుడు అమ్మకు కోత పెట్టినారా?"

వాడి అనుమానం ఊరికే పుట్టలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూరు కాన్పుల్లో ఆపరేషన్లు తమిళనాడులో 44.9, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. దేశం మొత్తానికి 21.5. కాని తమ్ముడితో నేను ఒక లెక్క చెప్పాను. ఎదురుకాళ్ళ బిడ్డలు నూటికి నలుగురే. అందరికీ ఆపరేషన్ చేసినా ఆ నలభై, అరవై అంకెలు రావు. మనం అనుమానించవలసిన ఆపరేషన్లు వేరే ఉన్నాయి, దీనికి మాత్రం కారణం ఉందన్నాను.

ఆ కారణం ఇది. 2000లో లాన్సెట్ పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. 26 దేశాల్లోని 121 ఆసుపత్రుల్లో, నెలలు నిండి బిడ్డ ఎదురుగా ఉన్న 2088 మంది తల్లులను చీటీలు వేసినట్టుగా రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ముందే అనుకుని ఆపరేషన్, మరో జట్టుకు మామూలు కాన్పు ప్రయత్నం. బిడ్డ పోవడం గాని, తీవ్రంగా దెబ్బతినడం గాని ఆపరేషన్ జట్టులో నూటికి 1.6, మామూలు కాన్పు జట్టులో నూటికి 5.0. ఆ తర్వాత ప్రపంచమంతటా డాక్టర్లు ఆపరేషన్ వైపే మొగ్గారు.

కాని కథ అక్కడితో ఆగలేదు. అందులో కొందరు పిల్లలను రెండేళ్ళ వయసులో మళ్ళీ చూసి 2004లో చెప్పిందేమంటే, చావు, ఎదుగుదల లోపం రెండూ కలిపి చూసినా రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. పుట్టగానే దెబ్బతిన్నట్టు కనబడిన పిల్లల్లో చాలామంది కోలుకున్నారు. 2006లో ఫ్రాన్సు, బెల్జియంలలో ఎనిమిది వేల పైచిలుకు కాన్పులను పరిశీలించినప్పుడు, తల్లులను జాగ్రత్తగా ఎంచుకుని, చెయ్యి తిరిగిన డాక్టర్లు కాన్పు చేసినచోట, ఆపరేషన్‌కూ మామూలు కాన్పుకూ బిడ్డ విషయంలో పెద్ద తేడా కనబడలేదు. ఇంగ్లండులోని ప్రసూతి వైద్యుల కళాశాల 2017లో తల్లులకు చెప్పమన్న లెక్క నాకు అన్నిటికంటే తేటగా అనిపించింది. బిడ్డ పోయే ప్రమాదం, 39 వారాల తర్వాత ఆపరేషన్ చేస్తే రెండు వేలకు ఒకటి, తల ముందు వచ్చే మామూలు కాన్పులో వెయ్యికి ఒకటి, ఎదురుకాళ్ళ మామూలు కాన్పులో వెయ్యికి రెండు.

మేనకోడలు ఈ అంకెలు విని, "అత్తా, నాలుగు రెట్లు ప్రమాదం అని చెప్పినా నిజమే, వెయ్యిమందిలో 998 మంది బాగుంటారని చెప్పినా నిజమే. నేనేది పట్టుకోవాలి?" అంది. రెండూ పట్టుకో అన్నాను. ఆ 998 కూడా నేర్చిన చేతులున్న చోటి లెక్క. డాక్టరును అడిగితే ఆమె దాచకుండా చెప్పింది. "2000 తర్వాత చదివినవాళ్ళం ఇలాంటి కాన్పులు తక్కువ చూశాం. తప్పనిసరై చేస్తాం గాని, ఎంచుకుని చెయ్యడానికి మా దగ్గర అంత అనుభవం లేదు." ఆ మాట నాకు అన్ని అంకెలకన్నా విలువైనదిగా తోచింది.

ముందుగా బిడ్డను బయటినుంచి తిప్పి చూద్దామంది. ఇది ఇంట్లో నూనె రాసి కడుపు తోమడం కాదు, అలా ఎన్నడూ చేయించుకోకూడదు. ఆసుపత్రిలో స్కాను చేసి, గర్భసంచి వదులవడానికి మందిచ్చి, బిడ్డ గుండె చప్పుడు చూస్తూ, అవసరమైతే వెంటనే ఆపరేషన్ చెయ్యడానికి సిద్ధంగా ఉండి, పొట్టమీద చేతులతో మెల్లగా తిప్పుతారు. సుమారు సగంమందిలో ఫలిస్తుంది, తొలి చూలులో కొంచెం తక్కువ. మాయ కిందికి ఉన్నవాళ్ళకూ, మరికొన్ని ఇబ్బందులున్నవాళ్ళకూ చెయ్యరు. మా అమ్మాయికి రెండుసార్లు ప్రయత్నించారు. బిడ్డ తిరగలేదు. తాతయ్య మొండితనమే వచ్చిందని మరదలు నవ్వింది.

39 వారాలు నిండాక ముందుగా అనుకున్న రోజునే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల, 2 కిలోల 900 గ్రాములు. కాళ్ళు ముఖందాకా మడిచి పెట్టుకుని ఉన్న బిడ్డను చూసి తమ్ముడు మాట్లాడలేకపోయాడు. ఆరు వారాలకు తుంటి కీళ్ళకు స్కాను తీయించమన్నారు. ఎదురుగా కూర్చున్న బిడ్డల్లో, అందులోనూ ఆడపిల్లల్లో, తుంటి కీలు సరిగా కుదురుకోకపోవడం ఎక్కువ. అప్పుడే కనిపెడితే పట్టీతో సరిపోతుంది, నడక వచ్చాక కనిపెడితే పెద్ద వైద్యమవుతుంది. కాన్పు ఏ దారిన జరిగినా ఈ పరీక్ష మాత్రం మానకూడదు. మా పాపకు కీళ్ళు బాగున్నాయి.

ఎక్కడెక్కడో ఉంటున్న మన ఆడపిల్లలకు నేను చెప్పేది ఆపరేషనే మంచిదని కాదు, మామూలు కాన్పే గొప్పదనీ కాదు. 36వ వారానికి బిడ్డ తల ఎటున్నదో అడిగి తెలుసుకోండి. ఎదురుగా ఉంటే తిప్పడం వీలవుతుందా, మామూలు కాన్పు అంటే అది చేసే అనుభవం ఇక్కడ ఎవరికుంది, రాత్రివేళైనా వాళ్ళు ఉంటారా అని అడగండి. ఉమ్మనీరు పోతే నొప్పుల కోసం కాచుకుని ఇంట్లో కూర్చోకండి. ఎదురుకాళ్ళప్పుడు బొడ్డుతాడు ముందు జారే భయం ఎక్కువ, వెంటనే బయలుదేరండి. అన్నిటికంటే ముఖ్యం, ఆ తల్లి ఎలా పడుకుంది, ఏం తిన్నది అని ఎవరూ లెక్కలు తీయకండి.

ఆపరేషన్ అయినవాళ్ళకు ఒక మాట. బిడ్డకు మేలు ఆ రోజే కనబడుతుంది, దాని ఖర్చు మాత్రం రాబోయే కాన్పుకు మిగులుతుంది. పాత కోత మీద మాయ అతుక్కోవచ్చు, నొప్పుల్లో కోత విచ్చుకోవచ్చు. ఇవి అరుదే గాని, డాక్టరుకు ముందే తెలియాలి. అలాగని మొదటిది ఆపరేషన్ అయితే రెండోదీ ఆపరేషనే కావాలని లేదు. కోత ఎక్కడ ఎలా పెట్టారు, ఎందుకు పెట్టారు అన్నదాన్ని బట్టి, మంచి ఆసుపత్రిలో చాలామందికి మామూలు కాన్పు వీలవుతుంది. ఆ వివరమంతా ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితంలో ఉంటుంది. ఊరు మారినా, దేశం మారినా దాన్ని పారెయ్యకుండా పాప జనన పత్రంతోపాటు దాచిపెట్టమని మా మేనకోడలికి చెప్పాను. అది ఇప్పుడు బీరువాలో అమ్మ ఫోటో పక్కన ఉంది.